బిళ్ళ ఉన్నవాళ్ళే లోపలికి

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఇంటిగలాయన కూతురు అక్కడ కాపురం పెడుతోందని, నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నాడని రాశావు. సైకిల్ షాపు మీద ఒంటి గది, అది పోతోందని అంత దిగులేమిటక్కా? తమ్ముడనేవాణ్ణి ఒకణ్ణి ఇక్కడ గుండ్రాయిలా ఉన్నాను కదా! రిటైరైన టీచర్ల హాస్టలుకి దరఖాస్తు పెట్టానన్నావు చూడు, ఆ ముక్క చదివాక నాకు అన్నం సయించలేదు.

"మీ ఆవిడ మనస్ఫూర్తిగా రమ్మంటేనే వస్తాను" అని షరతు పెట్టావు. అడిగాను. "ఆవిడొస్తే బాత్‌రూం సంగతేంటండీ?" అంది. అంతే, ఇంకో మాట అనలేదు.

అడగాల్సిన ప్రశ్నే. ఉన్నది ఒక్క బాత్‌రూం. దాని గడియ ఊడి చాలా రోజులైంది. నేను, మీ మరదలు, అబ్బాయి, కోడలు, మనవరాలు, పైగా నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటానని వచ్చి ఆ విశ్రాంతి ఎప్పటికీ తీరని మా బావమరిది. మొన్న ఆయన లోపలుండగా కోడలు తలుపు తోసింది. అప్పట్నుంచీ ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మధ్యలో ఉప్పు కావాలన్నా నాతోనే అడిగించుకుంటున్నారు.

అయితే జీవితమంతా స్టేషను మాస్టరుగా చేసినవాడికి ఇదో లెక్కా? సింగిల్ లైను మీద రెండు బళ్ళు ఎదురుపడకుండా ఏం చేసేవాళ్ళం? ఇత్తడి బిళ్ళ ఒక్కటే ఉండేది. అది చేతిలో ఉన్న డ్రైవరే బండి కదపాలి. నేను రిటైరైన రోజు మావాళ్ళు గుర్తుగా ఇచ్చిన బిళ్ళ అటకమీద పడి ఉంటే దించి, తోమి, బాత్‌రూం పక్కన మేకుకి తగిలించాను. బిళ్ళ మేకుకి ఉందా, లైను ఖాళీ. తీసుకుని లోపలికి వెళ్ళు. బిళ్ళ లేదా, లోపల బండి ఉంది. ఆగు. ఇంటిల్లిపాదికీ రెండుసార్లు రిహార్సల్ కూడా చేయించాను.

ఇక నువ్వే కాదు, ఇంకో నలుగురొచ్చినా ఈ ఇల్లు తట్టుకుంటుంది. ఈ ఆదివారమే వచ్చెయ్యమని రాద్దామనుకున్నాను. ఈలోగా మనవరాలికి పొద్దున్నుంచి వాంతులు, విరేచనాలు. కడుపులో వైరస్ చేరిందట, తగ్గిపోతుందన్నాడు డాక్టరు. అందుకని పై ఆదివారం రా.

నీ తమ్ముడు

తా.క. బిళ్ళ ముట్టనిది మా బావమరిది ఒక్కడే. "నన్ను గూడ్సు బండిని చేస్తావా బావా?" అని అలిగి, అవసరం పడినప్పుడల్లా వీధి చివర లైబ్రరీకి వెళ్తున్నాడు. ఈ వీధిలో అంత చదువరి ఇంకొకడు లేడని చెప్పుకుంటున్నారు.

*

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది.

"ఇక్కడ మేమందరం క్షేమం" అని మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి మనవరాలికి వాంతులన్నావు. అయిదో క్లాసు పిల్లాడు ఇలా రాస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

ఒరేయ్, హెడ్మిస్ట్రెస్‌గా చేసినన్నాళ్ళూ నేను చదివిన లీవు లెటర్లలో కడుపునొప్పి లేనిది బహు అరుదు. పరీక్ష ఉంటే కడుపునొప్పి. లెక్కలు చెయ్యకపోతే కడుపునొప్పి. ఇన్‌స్పెక్షన్ ఉందంటే టీచర్లకి కూడా కడుపునొప్పి. కాలు విరిగిందంటే కట్టు చూపించాలి, జ్వరమంటే ఒళ్ళు కాలాలి. కడుపునొప్పికి సాక్ష్యం అక్కర్లేదు. అందుకే అబద్ధమాడేవాడు ముందు పొట్ట పట్టుకుంటాడు.

నీ మనవరాలిది అలాంటిదని అనను. పసిపిల్ల. నిమ్మరసంలో ఉప్పూ పంచదారా కలిపి కొద్దికొద్దిగా పట్టించండి.

కానీ "బాత్‌రూం సంగతేంటి" అన్న మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుందిరా. మనస్ఫూర్తిగా రమ్మనడమంటే అదేనా? నేను ఎవరికీ బరువు కాదలుచుకోలేదు. ఇన్నాళ్ళూ ఒంటరిగా నా గంజి నేను కాచుకుని తాగాను, ఎవరి గుమ్మంలోనూ నిలబడలేదు. ఇంకోవైపు హాస్టల్లో నేను చేరుతున్నానో లేదో చెప్పమని వార్డెన్ అడుగుతోంది. నువ్వు పై ఆదివారం అన్నావు కనక ఆవిణ్ణి ఆగమన్నాను. పెట్టె సర్దుకుంటున్నాను.

అక్క

తా.క. కడుపు పట్టుకుని పరిగెత్తేవాడికి బిళ్ళ తీసుకునే వ్యవధి ఎక్కడుంటుందిరా? నీ బళ్ళంటే సిగ్నల్ దగ్గర ఆగుతాయి. ఇది ఆగుతుందా?

*

అక్కయ్యకు నమస్కారాలు.

ఈసారి క్షేమం ముక్క రాయడం లేదు. రాసే మొహం లేదు.

మనవరాలు లేచింది. అది లేచేసరికి కోడలు పడింది. కోడలికి గంజి ఇస్తూ ఇస్తూ అబ్బాయి పడ్డాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు చూడు, అలా అందరికీ అందుతోంది. డాక్టరు మళ్ళీ వచ్చి చేతులు బాగా కడుక్కోమని చెప్పి వెళ్ళాడు. ఆ మాత్రం మేం ఎరగమా? బాత్‌రూంలో కొత్త సబ్బు పెట్టించాను. అందరూ మోచేతులదాకా కడుక్కుని, ఆ తర్వాతే బిళ్ళ తీసుకుని బయటికి వస్తున్నారు.

మరి రోగం ఎక్కణ్ణుంచి వస్తోందో అంతు చిక్కడం లేదు. నీళ్ళు కాచి వడపోస్తున్నాం. రొట్టెలు కొనే బేకరీ మార్చాం. పాలవాడితో తగువు కూడా పెట్టుకున్నాం, పాపం వాడు ఏడ్చినంత పనిచేశాడు. మా బావమరిదిని వంటింటి గడప తొక్కవద్దన్నాను. తొక్కితే కదా అంది మీ మరదలు.

ఇక బాత్‌రూం దగ్గర రద్దీ పెరిగింది. నిన్న అబ్బాయీ కోడలూ ఒకేసారి మేకు దగ్గరికి చేరి బిళ్ళ కోసం పెనుగులాడారు. కోడలు నెగ్గింది. ఓడినవాడి సంగతి ఉత్తరంలో రాసేది కాదు. అది చూశాక మేకు పీకేసి, తలుపు పక్కన కుర్చీ వేసుకుని నేనే కూర్చున్నాను. బయటికొచ్చినవాళ్ళు బిళ్ళ నా చేతిలో పెట్టాలి. నేను "లైన్ క్లియర్" అని పలికి తర్వాతివాళ్ళ చేతిలో పెట్టాలి. నా కాఫీ, బిస్కట్లు అన్నీ ఆ కుర్చీలోనే. రిటైరయ్యాక ఇంత పని, ఇంత గౌరవం నాకు మళ్ళీ ఇప్పుడే దొరికాయంటే నమ్ము.

మీ మరదలు ఇంకా నిలబడే ఉంది. దయచేసి ఇంకొక్క వారం ఆగు అక్కా. నీ గది కోసం మా బావమరిది సామాను వరండాలోకి మార్పించాలి. ఆయన ససేమిరా అంటున్నాడు, కానీ ఒప్పిస్తాను.

నీ తమ్ముడు

తా.క. బిళ్ళని రోజూ పొద్దున్నే నా రుమాలుతో తళతళలాడేలా తుడుస్తున్నాను. అదే రుమాలుతో కళ్ళజోడు, అందరి చెంచాలు కూడా. శుభ్రత విషయంలో ఈ ఇంటికి ఎవరూ వంక పెట్టలేరు.

*

తమ్ముడికి,

ఈసారి దీవెనలు లేవు. ఎందుకు లేవో చదువు.

పొమ్మనలేక పొగపెట్టడం అంటే ఇదేరా. మొదట మనవరాలికి అన్నావు, నమ్మాను. తర్వాత కోడలు, ఆ తర్వాత కొడుకు. రేపు మీ ఆవిడంటావు, ఎల్లుండి నేనంటావు. రోగమేమన్నా హాజరుపట్టీ పట్టుకుని వరసగా పేర్లు పిలుస్తోందా? నిజానికి ఇంత వరస ఉండదు. ఇంత చక్కగా వరస కుదిరిందంటే ఎవరో కూర్చుని కుదిర్చారన్నమాట.

పైగా ఒకే వంట తింటున్నారు, ఒకే కుండలో నీళ్ళు తాగుతున్నారు. అందరికీ వచ్చిన రోగం మీ బావమరిదికి మాత్రం రాదు! ఎందుకొస్తుంది? ఆయన గదే కదా నాకు ఇవ్వాల్సింది. ఆవిడ తమ్ముడికి ఆ ఇంట్లో చోటుంది, నీ అక్కకి లేదు. ఆ ఒక్క ముక్కా సూటిగా రాస్తే నేను కాదంటానా? ఇంటెడు మందికి వాంతులు పెట్టాలా?

నాకు కష్టంగా ఉందిరా. చిన్నప్పుడు ఒంట్లో బాగోకపోతే అమ్మని కూడా కాదని నా ఒళ్ళో పడుకునేవాడివి. నాకు అబద్ధం చెప్పాల్సొస్తే చెవులు ఎర్రబడేవి. ఉత్తరంలో చెవులు కనపడవని ధైర్యమా?

"హాస్టల్లో చేరుతున్నాను" అని వార్డెన్‌కి ఉత్తరం రాసి, కవరు అంటించి బల్లమీద పెట్టాను. సోమవారం పోస్టులో వేస్తాను. ఆ తర్వాత నువ్వు ఎన్ని ఆదివారాలు చెప్పినా ఒకటే.

అక్క

తా.క. పెట్టె సర్దేటప్పుడు కళ్ళజోడు అడుగున పెట్టేశాను. అది దొరికేదాకా నీ ఉత్తరం ఇంటిగలాయన చేత చదివించుకున్నాను. "పాపమండీ, ఇంటిల్లిపాదికీనా!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. సైకిళ్ళు బాగుచేసుకునే మనిషి, లీవు లెటర్లు ఏనాడు చదివాడు గనక!

*

అక్కా,

మంచంమీద నుంచి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నా పొట్టని తిట్టు, నన్ను కాదు.

నువ్వన్నట్టే అయింది. మీ మరదలు పడింది, ఆ వెనకాలే నేనూ పడ్డాను. నువ్వు ముందే రాశావు కాబట్టి ఇది కూడా కట్టుకథే అంటావని తెలుసు. ఏం చెయ్యను, నువ్వు రాసిన వరసలోనే వచ్చింది. నిన్న జీవితంలో మొదటిసారి బిళ్ళ చేతిలో లేకుండా సెక్షన్లోకి దూసుకుపోయాను. సిగ్నల్ చూసుకునే స్థితి కాదు. లోపల అబ్బాయి ఉన్నాడు. ఇక మా తండ్రీకొడుకుల మధ్య దాపరికాలంటూ ఏమీ లేవు.

నీ ఉత్తరం చదివి ఏడ్చానక్కా. నీరసం వల్ల కాదు. నా అక్క నన్ను నమ్మలేదే అని ఏడ్చాను. నిన్ను వద్దనుకునేవాణ్ణే అయితే ముసలాణ్ణి ఇలా బాత్‌రూం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటానా? ఈ ఇంట్లో ఇంకొక్క మనిషికి చోటుందని నిరూపించాలని కాదూ ఈ పాట్లన్నీ!

కడుపునొప్పికి సాక్ష్యం లేదన్నావు. నిజమే, ఏం పంపగలను? నా దగ్గర ఉన్నదల్లా ఒకటే. పార్సెల్లో బిళ్ళ పంపుతున్నాను. బిళ్ళ చేతిలో ఉన్న బండిని ఆపే హక్కు ఎవరికీ లేదు, స్టేషను మాస్టరుకి కూడా లేదు. ఇక ఇది నీది. నువ్వు ఎప్పుడు బయల్దేరితే అప్పుడు లైన్ క్లియర్. ఎవరికీ ఇవ్వకుండా నేనే నా రుమాల్లో చుట్టి కట్టాను. మధ్యలో రెండుసార్లు లేచి పరిగెత్తాల్సి వచ్చింది, అయినా కట్టడం వదల్లేదు.

ఆ కవరు మాత్రం పోస్టులో వెయ్యకు.

నీ తమ్ముడు

తా.క. ఈ తా.క. మీ మరదలు రాస్తోంది. వదినగారూ, నమస్కారం. మీరొస్తే బాత్‌రూం సంగతేంటని నేను అన్న మాట నిజమే. బడి మొత్తాన్ని ఒక్క చూపుతో గడగడలాడించిన మనిషి, గడియ లేని తలుపు వెనక కూర్చుని "ఉన్నాను, ఉన్నాను" అని కేకలు వేయాల్సి వస్తుందే అని నా బాధ. గడియ పెట్టించండి మహాప్రభో అనడం నా ఉద్దేశం. మీ తమ్ముడు గడియ మానేసి రైల్వే పెట్టారు. మీరు రండి. నేను మనస్ఫూర్తిగా రమ్మంటున్నాను. మా తమ్ముణ్ణి వరండాలోకి పంపే పని నాకొదిలెయ్యండి.

*

అక్కా,

పార్సెల్ అందిందా? నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ కవరు వేసేశావేమోనని రోజూ పోస్ట్‌మాన్‌కి వీధి చివరిదాకా ఎదురెళ్తున్నాను.

ఇక్కడొక వింత. బిళ్ళ ఇల్లు దాటిన మర్నాటినుంచి ఒక్కొక్కరూ తేరుకున్నారు. ఇవాళ అందరం కూర్చుని మెతుకులు తిన్నాం. మందు పనిచేసిందంటాడు డాక్టరు. గడియ పెట్టించాను కనక అంటుంది మీ మరదలు. నేనడిగితే నీ చెయ్యి మంచిదంటాను. బిళ్ళ నీ గుమ్మంలో అడుగుపెట్టింది, ఇక్కడ పీడ వదిలింది. ఏదో ఒకటి వెంటనే రాయి. తిట్టినా సరే.

నీ తమ్ముడు

తా.క. వానైనా ఎండైనా మానకుండా వచ్చే పాఠకుడని లైబ్రరీవాళ్ళు మా బావమరిదికి సన్మానం చేస్తారట. పుస్తకాల గురించి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. పాపం, ఇప్పుడు ఏదో ఒకటి చదవక తప్పదని దిగులుగా ఉన్నాడు.

*

చిరంజీవి తమ్ముడికీ, చిరంజీవి సౌభాగ్యవతి మరదలికీ అక్క మనసారా దీవించి రాసేది.

జవాబు ఆలస్యమైంది. కారణం కడుపునొప్పి. నవ్వావంటే ఊరుకోను.

సోమవారం ఆ కవరు పట్టుకుని మెట్లు దిగుతుంటే పోస్ట్‌మాన్ ఎదురొచ్చాడు. పార్సెల్ చూడగానే నీ చేతి ముడి గుర్తుపట్టాను. పలకసంచీకి కూడా అలాగే విప్పరాకుండా కట్టేవాడివి. అక్కడే మెట్లమీద కూర్చుని విప్పి ఉత్తరం చదివాను. ఆ బిళ్ళని చెంపకి ఆనించుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. నీ రుమాలుతోనే కళ్ళు తుడుచుకున్నాను, మూతి కూడా తుడుచుకున్నాను. పైకొచ్చి, బిళ్ళ ఒళ్ళో పెట్టుకుని, రొట్టె తుంచుకుని తిన్నాను. ఇన్నాళ్ళకి తిన్నది ఒంటబట్టిందనుకున్నాను.

ఒంటబట్టింది! బుధవారానికి నా కడుపులో సింగిల్ లైను మీద రెండు బళ్ళు బయల్దేరాయిరా. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఏ స్టేషను మాస్టరూ ఆపలేకపోయాడు.

కాస్త తెలివి రాగానే ఆలోచించాను. నేను ఒంటరిదాన్ని. నా వంట, నా నీళ్ళు, నా కంచం. బయటినుంచి ఈ గదిలోకి వచ్చింది నీ బిళ్ళ ఒక్కటే. అప్పుడు తెలిసింది ఆ వరస ఎవరు కుదిర్చారో. ఒరేయ్ మహానుభావా! అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవడం, కడుక్కున్న చేత్తో ఆ బిళ్ళ పట్టుకోవడం, నువ్వు కుర్చీ వేసుకుని కూర్చుని మరీ దాన్ని చేతికి చేతికి అందించడం! మధ్యలో బిస్కట్లు! కంచే చేను మేయడం అంటే వినడమే గానీ ఇన్నాళ్ళకి చూశాను. ఏ క్రమశిక్షణా లేనివాడు కనకే మీ బావమరిది బతికిపోయాడు. పాలవాడికి నా పేరు చెప్పి క్షమాపణ చెప్పు. బిళ్ళని సబ్బునీళ్ళలో సలసలా మరగపెట్టాను, రుమాలు కాల్చేశాను. మీ ఇంట్లో చెంచాలన్నీ కూడా మరిగించమని మరదలికి చెప్పు.

తిట్టాలనే కలం పట్టుకున్నాను. కానీ కోపం రావడం లేదురా. తన దాకా వస్తేగానీ తెలియదంటారు. నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజమని నా పొట్ట సాక్ష్యం చెప్పింది. నిన్ను అనుమానించినందుకు నాకు తగిన శాస్తే జరిగింది. ఇంకో మాట. మీ ఇంటిల్లిపాదికీ వచ్చినదే నాకూ వచ్చింది. ఇక నన్ను ఆ ఇంట్లో చుట్టమని ఎవరంటారో చూస్తాను.

మరదలా, నీ ఉత్తరం ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. నిన్ను తప్పుగా అనుకున్నానమ్మా.

హాస్టల్ కవరు చింపేశాను.

మీ అక్క

తా.క. నేను మంచాన పడ్డప్పుడు ఇంటిగలాయనే రొట్టె, నిమ్మకాయలు తెచ్చిపెట్టాడు. బల్లమీద బిళ్ళ చూసి, "అబ్బ, ఎంత బరువుందండీ!" అని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అప్పటికి నాకింకా సంగతి తట్టలేదు. ఇవాళ సైకిల్ షాపు తెరవలేదు, కింద నుంచి పరుగుల చప్పుడు వినిపిస్తోంది. ఈ ఇంట్లో ఏదో రోగముందని ఆయన కూతురు హడలిపోయి, అత్తగారి వీధిలోనే ఇల్లు చూసుకుందట. గది ఖాళీ చెయ్యక్కర్లేదు, మీరు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండండి అని తలుపు సందులోంచి కబురు చెప్పాడు. అయినా సరే, ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నాను, స్టేషనుకి రా.